తలుపు మూసియున్నదా, త్రోవయే లేదా?

ఒకే కప్పు క్రింద, నడుమ ఒక గోడ మాత్రమే అడ్డముగా నున్న రెండు కంప్యూటర్లలో ఒకదానియందలి ఫోల్డరును రెండవది తెఱవలేకపోయినప్పుడు గృహస్థునకు కలుగు చికాకు సామాన్యమైనది కాదు. సముద్రముల కావలనున్న బంధువుల ముఖములు తెరమీద నిరాటంకముగా కనబడుచుండగా, పది మెట్లు ఎక్కినచో చేతి కందు కాగితము తీగలమీదుగా రాకపోవుట మనస్సునకు వింతగాను, కొంత అవమానముగాను తోచును. ఆ చికాకులో మనము చేయు పనులు తఱచుగా అసలు లోపముకంటె ఎక్కువ హాని చేయును. కావున యంత్రమును సవరించు మాట చెప్పుటకు ముందు, లోప మెచ్చట నున్నదో తెలియువఱకు దేనిని ముట్టక నిలువగల యోర్పును గూర్చి చెప్పవలసియున్నది.

మా యింటి మేడగదిలో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు కలదు. మా నాయనగారు నలువదియేండ్లపాటు అందుకొనిన జాబులను, పొలము శిస్తు రసీదులను, ఇంటి శుభకార్యముల ఫొటోలను ఒక వేసవి యంతయు కూర్చుండి స్కాను చేసి అందులో భద్రపఱచితిమి. క్రింది గదిలో చదువుకొను మా అన్నగారి అమ్మాయి తన ల్యాప్‌టాప్‌నుండి ఆ ఫోల్డరును తెఱచి, తాతగారి జాబులను ఒక్కొక్కటిగా టైపు చేయుచుండెడిది. ల్యాప్‌టాప్ పాతబడి క్రొత్తది కొనిన మఱునాడే ఆ పని నిలిచిపోయినది. “బాబాయ్, పాతదాంట్లో ఏమీ అడక్కుండానే తెరుచుకునేది. కొత్తదాంట్లో ఏం చేసినా రావట్లేదు. మేడమీద కంప్యూటరే పాడైపోయిందంటారా?” అని ఆమె నన్ను అడిగినది. నేను ఊరిలో లేని సమయమున పిలిపించిన మరమ్మతు కుఱ్ఱవాడు శక్తివంచన లేక శ్రమించియుండెను: రెండు కంప్యూటర్లలోను ఫైర్‌వాల్ ఆపివేసినాడు, ఫోల్డరుమీద ఎల్లరకు సర్వాధికారము లిచ్చినాడు, రౌటరును పలుమాఱులు ఆర్పి వెలిగించినాడు. ఫోల్డరు తెఱచుకొనలేదు. అతడు వెడలిన పిదప మొదటి లోపము అట్లే నిలిచియుండగా, రెండు కంప్యూటర్లకును రక్షణ లేకుండుట అను రెండవ లోపము దానికి తోడయ్యెను.

ఆ కుఱ్ఱవానికి విద్య లోపింపలేదు, క్రమము లోపించినది. పల్లెటూరికి క్రొత్తగా వచ్చిన బంధువు ఒకానొక యింటి గాదెలోని ధాన్యమును చూడవలెనన్న ఏమేమి కావలెను? ఊరికి త్రోవ యుండవలెను. పేరు చెప్పగానే ఇల్లు చూపువా రుండవలెను. వీధితలుపు తట్టినప్పుడు లోపలనుండి పలుకువా రుండవలెను. వచ్చినవా డెవడో గృహస్థు గుర్తెఱుగవలెను. గుర్తెఱిగిన పిమ్మట గాదెవఱకు పోనిచ్చుటకు సమ్మతింపవలెను. త్రోవ, పేరు, తలుపు, గుర్తు, అనుమతి అను ఈ యైదింటిలో ఏది తప్పినను ధాన్యము కనబడదు. కాని తప్పినది ఒక్కటియైనప్పుడు తక్కిన నాల్గింటిని సవరింపబూనుట వృథాశ్రమ. ఈ యైదు ప్రశ్నలను ఈ వరుసలోనే వేసికొని, ఒకదానికి నిశ్చయమైన సమాధానము దొరకినగాని రెండవదానికి పోకుండుట నేను పాఠకునకు చేయు ప్రధానమైన విన్నపము.

చూచి తెలిసికొనుట ఎంతటి పనిని సాధింపగలదో ఈ విషయముననే ఒక నిదర్శనము కలదు. ఫైళ్లను పంచుకొనుటకు విండోస్ కంప్యూటర్లు తమలో తాము మాటలాడుకొను భాషకు ఎస్‌ఎంబీ అని పేరు. దానిని 1983లో ఐబీఎం సంస్థయందు బారీ ఫైగెన్‌బామ్ రూపొందించెను. మఱి యెనిమిదేండ్లకు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున ఆండ్రూ ట్రిడ్జెల్ అను పరిశోధక విద్యార్థి, తన బల్లమీది డాస్ కంప్యూటరునుండి యూనిక్సు యంత్రపు డిస్కును వాడుకొనదలచి, ఆ భాషయొక్క వివరములు తెలియక, రెండు యంత్రముల నడుమ నడచు సందేశములను ఆలకించు చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాసి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చుచున్నదో చూచి, తన యంత్రముచేత అవే జవాబులు చెప్పించెను. తాను నేర్చుకొనుచున్న భాష పేరేమో కూడ ఆయనకు మొదట తెలియదు. నేడు సాంబా అను పేర ప్రపంచమంతట వాడుకలో నున్న సాఫ్ట్‌వేరు అట్లు పుట్టినది. ఎస్, ఎం, బీ అను అక్షరములు ఆ వరుసలో వచ్చు మాటలకొఱకు కంప్యూటరులోని పదపట్టికను వెదకగా ఆ పేరు దొరకినదట. ఏ గ్రంథసహాయమును లేనివాడు కేవలము ఆలకించి ఇంత తెలిసికొనగలిగినప్పుడు, తెరమీద స్పష్టముగా వ్రాసియున్న వాక్యమునైనను చదువక మనము ఊహలకు దిగుట తగదు.

ఆ వాక్యములు పైకి ఒకే రీతిగా తోచును గాని వానిలో రెండు జాతులు కలవు. నెట్‌వర్కు మార్గము కనబడలేదనునది మొదటి జాతి. దానితోడ సాధారణముగా 80070035 అను సంఖ్య వచ్చును. దాని చివరనున్న 35 పదునాఱింటి లెక్కలో వ్రాసినది, మన లెక్కకు 53. విండోస్ దోషముల పట్టికలో 53 అనగా మార్గము దొరకలేదనియే యర్థము. అనుమతి లేదనునది రెండవ జాతి. పట్టికలో దాని సంఖ్య 5. పేరును పాస్‌వర్డును అడుగు చిన్న కిటికీ వచ్చి, ఎన్నిమాఱులు నింపినను మరల అదే వచ్చుటయు ఈ జాతిలోనిదే. మొదటిది వచ్చినచో త్రోవ, పేరు, తలుపు అను మూడింటియందు వెదకవలెను. రెండవది వచ్చినచో సంతోషింపవలెను. ఏలయన, కాదనుటకైనను ఎవరో ఒకరు తలుపు తీసి మాటలాడిరి. త్రోవ యున్నది, ఇల్లు దొరకినది, తలుపు పలికినది. ఇక రౌటరును ఆర్పుటవలన గాని, ఫైర్‌వాల్ ఆపుటవలన గాని ఒనగూడు ప్రయోజన మేమియు లేదు.

మా అమ్మాయి తెరమీద వచ్చిన వాక్యమును నేను చదివించి వింటిని. “మీ సంస్థయొక్క భద్రతా నియమములు గుర్తింపు లేని అతిథి ప్రవేశమును నిరోధించుచున్నవి” అని దాని తాత్పర్యము. సంస్థ యను మాట చూచి ఇది ఆఫీసులకు సంబంధించిన దనుకొని ఆమెయు, ఆ కుఱ్ఱవాడును దానిని మూసివేయుచు వచ్చిరి. మేడమీది యంత్రము పాడు కాలేదు, త్రోవ తెగలేదు. నాలుగవ ప్రశ్నయొద్ద, గుర్తుయొద్ద, కథ ఆగినది. అయినను అందఱికిని మొదటి మూడు ప్రశ్నలు ఇంత సులభముగా తీఱవు గనుక వానిని క్రమముగా చెప్పెదను.

త్రోవను పరీక్షించుటకు ముందు ఫోల్డరున్న కంప్యూటరు మేలుకొనియున్నదో లేదో చూడవలెను. కొంతసేపు ఎవరును ముట్టనిచో అది నిద్రావస్థకు పోవును. నిద్రించువాడు తలుపు తీయడు. పిదప రెండు కంప్యూటర్లలోను కమాండ్ ప్రాంప్ట్ తెఱచి ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞ నిచ్చి, ఐపీవీ4 చిరునామాలను కాగితముమీద వ్రాసికొనవలెను. ఒకటి 192.168.1.5, రెండవది 192.168.1.9 అయినచో సామాన్యముగా రెండును ఒకే వీథిలో నున్నవి. ఏదైన 169.254 తో మొదలైనచో ఆ కంప్యూటరునకు రౌటరు చిరునామా నీయలేదు. తీగయో వైఫైయో మొదట చూచుకొనవలెను. ఒకటి 192.168.1 తోడను, మఱియొకటి 192.168.0 తోడను మొదలైనచో ఇంటిలో రెండు రౌటర్లు రెండు వేఱు ఊళ్లను కట్టినవని తెలిసికొనవలెను. ఫైబరు కనెక్షన్ ఇచ్చువారు పెట్టిన పెట్టె ఒకటి, మేడమీదికి వైఫై అందుటలేదని మనము కొని తగిలించిన పెట్టె ఇంకొకటి, ఈ రెండును కలిసి ఇట్టి చిక్కును కల్పించుట మన యిండ్లలో మిక్కిలి సామాన్యము. అప్పుడొక విచిత్రము కనబడును: లోపలి రౌటరు క్రిందనున్న కంప్యూటరు బయటిదానిని చేరగలదు, బయటిది లోపలిదానిని చేరలేదు. రెండవ పెట్టెను యాక్సెస్ పాయింట్ రీతికి మార్చినచో ఊళ్లు రెండును ఒకటియగును. అతిథులకొఱకు వేఱుగా నుంచిన గెస్ట్ వైఫైలో చేరిన ల్యాప్‌టాప్‌నకు ఇంటి కంప్యూటర్లు కనబడకుండుట లోపము కాదు. ఆ ఏర్పాటు అందుకొఱకే కలదు.

పింగ్ అను పరీక్షను చాలమంది నమ్ముదురు. జవాబు వచ్చినచో త్రోవ యున్నదని నమ్మవచ్చును. రాకపోయినచో లేదని నమ్మరాదు, ఏలయన విండోస్ ఫైర్‌వాల్ కొన్ని సందర్భములలో పింగ్‌నకు జవాబు చెప్పనీయదు. అంతకంటె మేలైన పరీక్ష తలుపునే తట్టుట. ఎస్‌ఎంబీ భాష వినబడు ద్వారమునకు 445 అను సంఖ్య. పవర్‌షెల్‌లోని టెస్ట్-నెట్‌కనెక్షన్ అను ఆజ్ఞకు ఎదుటి కంప్యూటరు చిరునామాను, 445 అను పోర్టు సంఖ్యను జతపఱచినచో ఆ ద్వారము తెఱచియున్నదో లేదో నిజమో అబద్ధమో అను ఒక్క మాటతో చెప్పును.

చిరునామాలు సరిగానుండియు ద్వారము మూసియున్నచో, ఫోల్డరున్న కంప్యూటరులో వైఫై గుణములను తెఱచి ఆ నెట్‌వర్కు పబ్లిక్ అని యున్నదో ప్రైవేట్ అని యున్నదో చూడవలెను. క్రొత్త నెట్‌వర్కునెల్ల విండోస్ మొదట పరాయిదానిగా భావించి పబ్లిక్ అని వ్రాసికొనును. రౌటరు మార్చిన దినమున ఇంటిలో షేరింగ్ చెడిపోవుటకు ప్రధానకారణ మిదియే. ఇంటి నెట్‌వర్కును ప్రైవేట్ అని మార్చి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీని, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను వేసినచో ఫైర్‌వాల్ ఆ పనికి వలయు ద్వారములను మాత్రము తెఱచి తక్కినవానిని కాపాడుచుండును. ఈ పని తెలిసినవానికి ఫైర్‌వాల్‌ను సాంతము ఆపవలసిన అగత్యము ఎన్నడును రాదు. వేఱొక సంస్థవారి యాంటీవైరసు తన సొంత ఫైర్‌వాల్‌ను నడుపుచున్నచో దానిలో కూడ ఇంటి నెట్‌వర్కును నమ్మదగినదిగా గుర్తింపవలెను.

నడుమ విడిచిన పేరు విషయము స్వల్పము. వెనుకకు వాలిన గీతలు రెండు వ్రాసి కంప్యూటరు పేరు వ్రాసినచో తెఱచుకొనక, పేరునకు మాఱుగా చిరునామా వ్రాసినచో తెఱచుకొనినయెడల లోపము పేరునందే యున్నది. నెట్‌వర్క్ అను బొమ్మను నొక్కినప్పుడు పట్టికలో కంప్యూటరు కనబడలేదని దిగులుపడువారు చాలమంది. పట్టికలో కనబడకయే తెఱచుకొను కంప్యూటర్లు ఎన్నియో కలవు. కనబడవలెనన్న ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అను సర్వీసు ఫోల్డరున్న కంప్యూటరులో నడచుచుండవలెను. రౌటరు పంచు చిరునామాలు కాలక్రమమున మాఱును గనుక, చిరునామాతోనే పని జరుపుకొనువారు రౌటరులో ఆ కంప్యూటరునకు ఒక చిరునామాను స్థిరపఱచుకొనుట మేలు.

ఇక నాలుగవ ప్రశ్న. ఒకప్పుడు విండోస్ ఇంటింటను వచ్చినవా డెవడని అడుగక అతిథిగా లోపలికి రానిచ్చెడిది. 2009లో విండోస్ 7 తోడ వచ్చిన హోమ్‌గ్రూప్ ఈ పంపకమును మఱింత సుకరము గావించినది. దానిని 2018లో తొలగించిరి. ఈ నడుమ లోకమునకు ఒక గుణపాఠము కలిగెను. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఎస్‌ఎంబీ మొదటి రూపమునందలి లోపముద్వారా కంప్యూటరునుండి కంప్యూటరునకు తనంతట తానే పాకి, నూటయేబదికి పైబడిన దేశములలో ఫైళ్లను తాళమువేసి డబ్బు అడిగెను. ఇంగ్లాండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాతబడెను. ఆ లోపమును పూడ్చు సవరణ రెండు నెలలముందే, మార్చి 14వ తేదీననే విడుదలయై యుండెను. ఆ యేడు శరదృతువున వచ్చిన విండోస్ 10 రూపమునుండి మొదటి ఎస్‌ఎంబీని క్రొత్త కంప్యూటర్లలో పెట్టుట మానిరి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 రూపమున, ప్రో తరగతి కంప్యూటరు ఊరు పేరు లేని అతిథి సంబంధమును తానుగా ఒప్పుకొనదు. ప్రతి సందేశముమీదను చేవ్రాలు కోరును. మా అమ్మాయి క్రొత్త ల్యాప్‌టాప్ అట్టిది. మేడమీది ఫోల్డరు ఇన్నాళ్లును అతిథులకు తెఱచియుంచినది. పాత ల్యాప్‌టాప్ అడుగక ప్రవేశించినది. క్రొత్తది అట్లు ప్రవేశించుటకు తానే నిరాకరించినది.

ఈ సందర్భమున పలువు రిచ్చు సలహా యొకటి కలదు: అతిథి ప్రవేశమును మరల అనుమతించు నియమమును మార్చుమందురు, మొదటి ఎస్‌ఎంబీని మరల తెచ్చిపెట్టుమందురు. ఆ సలహాను నే నంగీకరింపను. పాత డిస్కుపెట్టె యేదైన ఆ పాతభాష తప్ప మఱొకటి యెఱుగనిచో అందలి ఫైళ్లను తీగద్వారా కంప్యూటరులోనికి ఎత్తికొని దానికి విశ్రాంతి నిచ్చుటయే మంచిది. ఒక్క ఫోల్డరుకొఱకు ఇంటిలోని కంప్యూటర్ల నన్నింటిని అపాయమున కొప్పగించుట వివేకము కాదు.

సరియైన పరిష్కారము పది నిమిషముల పని. ఫోల్డరున్న కంప్యూటరులో పంపకమునకు మాత్రమే వినియోగపడు ఒక స్థానిక వాడుకరి ఖాతాను చిన్నపేరుతో, మంచి పాస్‌వర్డుతో సృష్టింపవలెను. పాస్‌వర్డు లేని ఖాతా పనికిరాదు. అట్టి ఖాతాను విండోస్ కంప్యూటరు ఎదుట కూర్చున్నవానికి తప్ప నెట్‌వర్కుమీదుగా వచ్చువానికి ఒప్పుకొనదు. మైక్రోసాఫ్ట్ ఖాతా గలవారు తఱచుగా పిన్ నంకెలను టైపు చేసి భంగపడుచుందురు. పిన్ ఆ కంప్యూటరు గడపదాటి చెల్లదు, ఖాతాయొక్క పూర్తి ఈమెయిలును అసలు పాస్‌వర్డును కావలెను. క్రొత్త ఖాతాతో లోపలికి పోవునప్పుడు మొదట ఎదుటి కంప్యూటరు పేరు, వెనుకకు వాలిన గీత, ఖాతా పేరు వ్రాయవలెను; లేకున్న ల్యాప్‌టాప్ తన సొంత పేరును పంపుటయు కలదు. అన్నియు సరిగా నుండియు నిరాకరణ వచ్చినచో కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ తెఱచి చూడుడు; ఎన్నడో దాచిన పాత పాస్‌వర్డును కంప్యూటరు అచ్చటినుండి తీసి మీ కెఱుకలేకయే పంపుచుండును. దానిని తొలగించి కంప్యూటరును ఒక్కమాఱు రీస్టార్ట్ చేయుడు, ఏలయన ఒకే కంప్యూటరుతో ఒకేసారి రెండు పేర్లమీద మాటలాడుటకు విండోస్ సమ్మతింపదు.

అనుమతి విషయమున తెలియవలసిన రహస్య మొక్కటియే: తలుపులు రెండు. ఫోల్డరు గుణములలో షేరింగ్ అను పుటయందు ఇచ్చు అనుమతి వీధితలుపువంటిది. నెట్‌వర్కుమీదుగా వచ్చువారికి మాత్రమే అది వర్తించును. సెక్యూరిటీ అను పుటయందు ఇచ్చునది గదితలుపు. కంప్యూటరు ఎదుట కూర్చున్నవారికిని అది తప్పదు. రెండింటిలో ఏది తక్కువ యిచ్చునో అదియే చెల్లును. అడ్వాన్స్‌డ్ షేరింగ్ పద్ధతిలో పంచిన ఫోల్డరునకు వీధితలుపు మొదట చదువుటకు మాత్రమే అనుమతి యిచ్చును గనుక, ఫైళ్లు తెఱచుకొనును గాని క్రొత్తవి దాచుటకు వీలుకాదు. గదితలుపును ఎంత తెఱచినను ఆ చిక్కు తీఱదు. ఎవ్రీవన్ అను పేర ఎల్లరకు సర్వాధికారము లిచ్చినను మా యింట ఫలము కలుగకపోవుటకు కారణము వేఱు: ఆ మాట గుర్తింపు పొందిన పిదప వర్తించునది. మే మా పేరును రెండు పుటలనుండియు తొలగించి, క్రొత్త ఖాతా పేరును రెండింటియందును చేర్చితిమి.

అంతట ఫోల్డరు తెఱచుకొనినది, ఒక్క జాబుల సంపుటము తప్ప. దానిమీద అనుమతి లేదను వాక్యమే మరల వచ్చెను. విచారింపగా, ఆ సంపుటమును నేను ఒకప్పుడు నా సొంత ఫోల్డరునుండి అందులోనికి జరిపియుంటిని. ఒకే డిస్కులో ఒకచోటినుండి మఱొకచోటికి జరిపిన ఫైలు తన పాత అనుమతులను వెంటబెట్టుకొని పోవును. ప్రతి తీసి పెట్టినదైనచో క్రొత్తచోటి అనుమతులను స్వీకరించును. సెక్యూరిటీ పుటలోని అడ్వాన్స్‌డ్ మీట నొక్కి, పై ఫోల్డరు అనుమతులను లోపలివానికెల్ల వర్తింపజేయగా ఆ సంపుటమును తెఱచుకొనినది. అమ్మాయి ఆ సాయంత్రమే తాతగారి జాబులలో ఆగినచోటినుండి టైపు చేయుట మొదలుపెట్టినది.

మీ యింట కంప్యూటరు పేరును, చిరునామాను, పంపకపు ఖాతా పేరును ఒక కాగితముమీద వ్రాసి బీరువాలో నుంచుడు. పాస్‌వర్డు మాత్రము అందు వ్రాయకుడు. పరీక్షకొఱకై ఎవరైనను ఎప్పుడైనను ఆపిన ఫైర్‌వాల్ మీ కంప్యూటర్లలో ఇంకను ఆగియే యున్నదేమో, ఈ పుటను మూయకమునుపే లేచి చూచి, ఆగియున్నచో దానిని మరల వేయుడు.